మూర్ఛా, మూడుముళ్ళూ

“పిచ్చి కుదిరితేగానీ పెళ్ళి కాదు, పెళ్ళయితేగానీ పిచ్చి కుదరదు” అని మనకో సామెత ఉంది. ఎటూ తేలని వ్యవహారం గురించి మాట్లాడేటప్పుడు నవ్వుతూ వాడేస్తుంటాం. 30 ఏళ్ళకు పైగా ఒక జిల్లా కేంద్రంలో ఫిజీషియన్‌గా పనిచేసిన నాకు మాత్రం ఈ సామెత నవ్వు తెప్పించదు. ఎందుకంటే ఇందులో ‘పిచ్చి’ అన్న మాట పక్కన ‘మూర్ఛ’ అన్న మాట కూడా చేరిస్తే, అది సామెతగా మిగలదు. 1976 నుంచి 1999 వరకు అది ఈ దేశపు చట్టం.

1955 నాటి హిందూ వివాహ చట్టంలో మొదట మూర్ఛ ప్రస్తావన లేదు. ఎవరు పెళ్ళికి అర్హులో చెప్పే 5వ సెక్షన్లోకి 1976 సవరణతో అది వచ్చి చేరింది. పదే పదే పిచ్చి గానీ, మూర్ఛ గానీ వచ్చే వ్యక్తి పెళ్ళికి తగరని దాని సారాంశం. ప్రత్యేక వివాహ చట్టంలోనూ అదే మాట పెట్టారు. అలాంటి పెళ్ళిని రద్దు చేయమని అవతలి వ్యక్తి కోర్టుకి వెళ్ళొచ్చు. చిత్రమేమిటంటే, స్త్రీలకు మేలు చేసిన సవరణగా మనం చెప్పుకునేది కూడా ఇదే. పరస్పర అంగీకారంతో విడాకులు తీసుకునే వీలు, 15 ఏళ్ళలోపు పెళ్ళి చేసేసిన ఆడపిల్ల 18 నిండేలోగా ఆ పెళ్ళిని కాదనే హక్కు... రెండూ ఈ సవరణతోనే వచ్చాయి. ఒక చేత్తో తలుపు తీసి, రెండో చేత్తో మూర్ఛ ఉన్న ఆడపిల్ల మీద గడియ వేశారన్నమాట.

చట్టంలో స్త్రీ అనీ పురుషుడనీ తేడా లేదు కదా అని మీరడగొచ్చు. కాగితం మీద లేదు. మా ఓపీలో మాత్రం ఉండేది. ఫిట్స్ వచ్చే కొడుకుకి పెళ్ళి చేసి, మందు డబ్బా కోడలి చేతికిచ్చి “నువ్వే చూసుకోవాలమ్మా” అన్న అత్తలని చాలామందిని చూశాను. ఫిట్స్ వచ్చే కోడలికి మందు డబ్బా తెచ్చిచ్చిన అత్తలని వేళ్ళ మీద లెక్కపెట్టగలను.

ఈ జబ్బుని గుర్తించడంలో ఉన్న ఒక కిటుకుని అర్థం చేసుకుంటేగానీ, ఆ చట్టం స్త్రీల ఆరోగ్యానికి చేసిన హాని ఎంతటిదో తెలియదు. అందుకని ముందు కాస్త వైద్యం సంగతి చెబుతాను, ఓపిక పట్టండి.

మన మెదడులోని కణాలు సన్నని విద్యుత్ సంకేతాలతో నిరంతరం ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటూ ఉంటాయి. ఆ ప్రసారం కాసేపు అదుపు తప్పడమే ఫిట్. అలా మళ్ళీ మళ్ళీ వచ్చే స్వభావం ఉంటే దాన్ని మూర్ఛవ్యాధి అంటాం. మెదడులో ఏ భాగం అదుపు తప్పితే ఆ భాగం చేసే పని గాడి తప్పుతుంది. కొందరికి ఒక చెయ్యి మాత్రమే కొట్టుకుంటుంది. కొందరు మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయి, ఎటో చూస్తూ, పెదాలు చప్పరిస్తూ, కొంగు నలుపుతూ ఒకటి రెండు నిమిషాలుండి మళ్ళీ మామూలవుతారు. కొంతమంది పిల్లలు కొన్ని సెకన్లపాటు అలా ఆగిపోతారు. బళ్ళో దానికి ‘పరధ్యానం’ అని పేరు పెట్టి తొడపాశం పెడతారు. అందరికీ తెలిసిన రకం ఇంకొకటి. ఒళ్ళంతా బిగుసుకుపోయి, కాళ్ళూ చేతులూ కొట్టుకుని, నాలుక పక్కభాగం తెగి, బట్టల్లో మూత్రం పోయి, తర్వాత చాలాసేపు మత్తుగా పడి ఉండడం.

పేషెంటు నా ఎదురుగా వచ్చి కూర్చునేసరికి ఇదంతా అయిపోయి ఉంటుంది. ఆమె మీలా నాలా మామూలుగా ఉంటుంది. ఈఈజీ తీస్తే మూర్ఛ ఉన్నవాళ్ళలో కూడా చాలామందికి మామూలుగానే వస్తుంది. స్కానింగు చేస్తే కారణం దొరకొచ్చు. పురిట్లో బిడ్డకి ఊపిరాడకపోవడం, తలకి తగిలిన పాత దెబ్బ, మన దేశంలో ఎక్కువగా కనిపించే బద్దెపురుగు గుడ్ల వల్ల మెదడులో ఏర్పడ్డ తిత్తి... ఇలా ఏదైనా కావచ్చు. అయితే వచ్చింది మూర్ఛేనా కాదా అన్నది స్కానింగు తేల్చలేదు. తేల్చేది కథ. పడిపోయే ముందు ఏమనిపించిందో ఆమె చెప్పాలి. పడిపోయాక ఏం జరిగిందో చూసినవాళ్ళు చెప్పాలి. ఎండలో నిలబడి, కళ్ళు చీకట్లు కమ్మి, చెమటలు పోసి, మెల్లగా ఒరిగిపోయి నిమిషంలో తేరుకుంటే అది సొమ్మసిల్లడం. నిండు గర్భిణికి ఫిట్ వచ్చిందంటే ముందు బీపీ చూడాలి. మన పెద్దవాళ్ళు గుర్రపువాతం అన్నది దీన్నే. దానికి మామూలు ఫిట్స్ మందులకంటే మెగ్నీషియం సల్ఫేటు మేలని 1995లో మన దేశంతో సహా అనేక దేశాల్లో 1687 మంది స్త్రీలమీద జరిగిన అధ్యయనం తేల్చింది. ఇలా ఒక్కొక్క కథకీ ఒక్కొక్క దారి. కథ తప్పయితే దారీ తప్పే.

మరి ఆ కథ చెప్పడానికి ఆడవాళ్ళకి స్వేచ్ఛ ఉందా?

తొంభైల మధ్యలో అనుకుంటాను, ఒకావిడ తన కూతుర్ని తీసుకొచ్చింది. పిల్ల ఇంటర్ పాసై ఇంట్లో ఉంది. కథంతా తల్లే చెప్పింది, అదీ గొంతు తగ్గించి. పిల్ల నోరు విప్పలేదు. పరీక్ష చేసి, మందు రాసి, చీటీ ఇస్తే ఆవిడ చూసుకుని, “డాక్టరమ్మగారూ, దీనిమీద జబ్బు పేరు రాయకండమ్మా. పిల్లకి సంబంధాలు చూస్తన్నాం” అంది.

“పేరు రాయకపోతే రేపు ఇంకో ఊళ్ళో ఇంకో డాక్టరుకి ఎలా తెలుస్తుందమ్మా?” అన్నాను.

“తెలీకూడదనేనమ్మా” అంది.

ఆమె చీటీ తీసుకుని, పేరున్న పైభాగాన్ని గోటితో గీసి మడతపెట్టి, నా ఎదుటే చింపేసి, మిగతా ముక్కని పర్సులో పెట్టుకుంది. మూఢనమ్మకం వల్ల చేసిన పని కాదది. చట్టం ఏం చెబుతోందో తెలిసిన పని. ఆ పేరున్న కాగితం రేపు కోర్టులో సాక్ష్యమవుతుందని ఆవిడకి నాకంటే బాగా తెలుసు.

అలా దాచిన పిల్లలకి పెళ్ళి ఎలా జరిగేదో ఊహించండి. ముహూర్తం అర్ధరాత్రి. ముందురోజు నుంచీ నిద్ర లేదు. తాళి కట్టేదాకా ఉపవాసం. చుట్టూ చుట్టాలు, మాత్ర వేసుకోవడానికి చాటు దొరకదు. నిద్రలేమి, తిండిలేమి, మందు మానడం... ఫిట్ రావడానికి వైద్యశాస్త్రం చెప్పే ముఖ్యమైన కారణాలని వరసగా పేర్చినట్టుంటుంది మన పెళ్ళి. అందుకే ఎంతోమంది కొత్త పెళ్ళికూతుళ్ళు ఆ మొదటి వారంలోనే పడిపోయారు. “పెళ్ళిలో దిష్టి తగిలింది”, “గాలి సోకింది” అని మొదలై, “మోసం చేసి అంటగట్టారు” దగ్గర ఆగేది ఆ కథ. పిల్ల పుట్టింటికి వచ్చేసేది.

ఈ భయం ఒక్క 1976లో పుట్టింది కాదు. దీని వెనక పెద్ద చరిత్రే ఉంది. అందులో మొదటి పేజీలు నిజానికి బాగానే ఉన్నాయి. దాదాపు 2400 ఏళ్ళ క్రితం గ్రీసులో, హిపోక్రటీస్ పేరుమీద వచ్చిన రచనల్లో ఒకటి ఈ జబ్బు గురించే. ఇది మిగతా జబ్బులకంటే దైవికమైనదేమీ కాదనీ, దీని మూలం మెదడులో ఉందనీ, మంత్రాలతో శుద్ధి చేస్తామనేవాళ్ళు తమ అజ్ఞానాన్ని దేవుడి చాటున దాచుకుంటున్నారనీ అందులో ఉంది. మన చరకసంహితలోనూ ‘అపస్మారం’ అన్న పేరుతో దీనికి వేరే అధ్యాయాలున్నాయి. స్మృతి తప్పడం అన్న లక్షణం మీదే ఆ పేరు పెట్టారు. నటరాజు పాదం కింద నలిగే మరుగుజ్జు పేరు కూడా అదే. అంటే అటు శాస్త్రంలోనూ ఇటు శిల్పంలోనూ ఈ జబ్బు మనకి పాత పరిచయమే.

అదే గ్రీకు వైద్యంలో ఇంకో దారి కూడా ఉంది. ఆడదానికి ఒంట్లో ఏం జరిగినా దానికి గర్భసంచే మూలమన్న దారి. హిస్టీరియా అన్న మాట పుట్టింది గర్భసంచిని సూచించే గ్రీకు పదం నుంచే. ఒకే రకంగా కొట్టుకుంటున్న ఇద్దరిలో మగవాడి జబ్బు మెదడులో, ఆడదాని జబ్బు గర్భంలో! 19వ శతాబ్దంలో ఆధునిక నాడీవైద్యం పుట్టేటప్పుడు ఈ రెండో దారిని వెంట తెచ్చుకునే పుట్టింది.

మూర్ఛకి పనిచేసిన మొట్టమొదటి ఆధునిక మందు ఎలా దొరికిందో చూడండి. 1857 మే 11న లండన్లో వైద్యుల సమావేశం జరిగింది. విక్టోరియా రాణికి పురుళ్ళు పోసిన సర్ చార్లెస్ లొకాక్ లేచి, బహిష్టులతో ముడిపడి వచ్చే ‘హిస్టీరియా మూర్ఛ’కి తను పొటాషియం బ్రోమైడ్ వాడానని చెప్పాడు. 14, 15 మందికి ఇస్తే ఒక్కరికి తప్ప అందరికీ తగ్గిందన్నాడు. ఆ మందే ఎందుకు వాడాడు? అది పురుషుల్లో కామవాంఛని తగ్గిస్తుందని ఒక జర్మన్ నివేదిక చదివాడు కాబట్టి. స్త్రీల మూర్ఛకి మూలం కామోద్రేకమని ఆయన నమ్మకం కాబట్టి. కారణం పూర్తిగా తప్పు. మందు మాత్రం పనిచేసింది, అదీ ఆడామగా అందరికీ. ఆ తర్వాత అర్ధ శతాబ్దంపాటు మూర్ఛకి బ్రోమైడే దిక్కయింది. మందునిచ్చిన అనుభవం ఆ పదిహేనుమంది స్త్రీల శరీరాలది. వాళ్ళ పేర్లు చరిత్రలో లేవు.

నమ్మకం అదే అయినప్పుడు మందుతో ఆగుతారా? అదే లండన్లో ఐజాక్ బేకర్ బ్రౌన్ అనే సర్జన్ 1866లో ఒక పుస్తకం వేశాడు. స్త్రీలలో కొన్ని రకాల పిచ్చినీ, మూర్ఛనీ, హిస్టీరియానీ క్లిటోరిస్‌ని కత్తిరించి నయం చేయొచ్చని దాని సారాంశం. మరుసటి ఏడు, 1867లో, లండన్ ప్రసూతి వైద్యుల సంఘం అతన్ని వెలివేసింది. సంతోషించాల్సిన విషయమే. అయితే ఆ చర్చలో వచ్చిన ముఖ్యమైన ఆరోపణల్లో ఒకటి, స్త్రీకీ ఆమె భర్తకీ తెలియకుండా ఆపరేషన్ చేశాడన్నది. భర్త సంతకం పెట్టి ఉంటే ఎంతమంది అభ్యంతరం చెప్పేవారా అన్న అనుమానం నన్ను వదలదు.

ఇక పారిస్. సాల్‌పెట్రియేర్ ఆసుపత్రిలో దిక్కులేని, పేద స్త్రీలు వేల సంఖ్యలో ఉండేవారు. 1862లో అక్కడికి వచ్చిన షార్కో ఆధునిక నాడీవైద్యానికి పితామహుల్లో ఒకడు. మల్టిపుల్ స్క్లిరోసిస్‌తో సహా ఎన్నో నరాల జబ్బులని విడమరిచి చూపినవాడు. హిస్టీరియా మగవాళ్ళకీ వస్తుందని గట్టిగా చెప్పినవాడు కూడా. ఆ గౌరవం ఆయనకి ఇవ్వాల్సిందే. అయితే ఆయన వార్డులో మూర్ఛ ఉన్న స్త్రీలనీ, హిస్టీరియా అనుకున్న స్త్రీలనీ ఒకేచోట ఉంచారు. రోజూ మూర్ఛని చూస్తూ బతికిన రెండో రకం వాళ్ళకి వచ్చే ఫిట్స్ కూడా అలాగే తయారయ్యాయి. దానికి ‘హిస్టీరో ఎపిలెప్సీ’ అని ఒక పేరు పుట్టింది. వాళ్ళని ఫోటోలు తీసి, దశలుగా విడగొట్టి పుస్తకాలు వేశారు. ఊళ్ళోని పెద్దమనుషులు, రచయితలు వచ్చి కూర్చుంటే వేదికమీద నిలబెట్టి చూపించారు.

ఆ ఫోటోల్లో ఎక్కువగా కనిపించే పిల్ల పేరు ఆగస్టిన్. 1875లో చేరేనాటికి 14, 15 ఏళ్ళది. అంతకుముందు, 13 ఏళ్ళ వయసులో, తల్లి పనిచేసే ఇంటి యజమాని ఆమెని బలాత్కరించాడు. ఇది ఎవరో తర్వాత ఊహించి రాసింది కాదు. ఆసుపత్రి డాక్టర్లే కేసు నోట్సులో రాసుకున్నారు. ఫిట్ వచ్చినప్పుడు ఆమె అరిచిన మాటలు కూడా రాసుకున్నారు. కథ అక్కడే ఉంది, కాగితం మీద, వాళ్ళ చేతిరాతలోనే. కానీ వాళ్ళు వెతుకుతున్నది భంగిమల కోసం. రాసుకున్నారు, వినలేదు. 1880లో ఆగస్టిన్ మగవేషం వేసుకుని ఆ ఆసుపత్రి నుంచి పారిపోయింది. నాడీవైద్య చరిత్రలో నాకు నచ్చిన కొద్ది ఘట్టాల్లో అదొకటి.

ఆగస్టిన్‌ది మూర్ఛ కాకపోవచ్చు. విద్యుత్ ప్రసారంలో తేడా లేకుండానే మూర్ఛలా కనిపించే ఫిట్స్ ఉంటాయి. వాటిని ఇవాళ ఫంక్షనల్ సీజర్స్ అంటున్నారు. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది స్త్రీలు. చాలామంది జీవితాల్లో గట్టి దెబ్బ ఏదో ఉంటుంది. కళ్ళు గట్టిగా మూసుకుని ఉండడం, ఆగి ఆగి చాలాసేపు సాగడం, తల అటూ ఇటూ తిప్పడం వంటి గుర్తులు చూస్తాం. అనుమానం ఉంటే ఫిట్ వస్తుండగానే వీడియోతో పాటు ఈఈజీ తీసి తేలుస్తాం. వాళ్ళకి మూర్ఛ మందులు పనిచేయవు, మాట్లాడే వైద్యం పనిచేస్తుంది. అయితే ‘మూర్ఛ కాదు’ అంటే ‘నాటకం’ అని కాదు. ఆమె కావాలని చేయడం లేదు. నేను చదువుకునే రోజుల్లో క్యాజువాలిటీలో ఇలాంటి అమ్మాయి వస్తే ముక్కు దగ్గర అమోనియా పెట్టి, ఛాతీ ఎముక మీద పిడికిలితో రుద్ది, లేచి కూర్చోగానే నవ్వుకునేవాళ్ళు. “పెళ్ళి చేసేయండి, అదే తగ్గిపోతుంది” అని తల్లిదండ్రులకి సలహా. అదే పిల్లకి నిజంగా మూర్ఛ అని తేలితే “పెళ్ళి చేయకండి” అని సలహా. చూశారా, మన సామెత ఎక్కడెక్కడ తిరుగుతోందో!

ఆ రెండో సలహాని చట్టం చేసిన ఘనత మొదట పడమటి దేశాలదే. అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రం 1895లోనే మూర్ఛ ఉన్నవాళ్ళ పెళ్ళిని నిషేధించింది. స్త్రీకి 45 ఏళ్ళు దాటితే మాత్రం ఫరవాలేదట. అంటే భయం పెళ్ళి గురించి కాదు, ఆమె గర్భం గురించి. 1927లో ఆ దేశపు సుప్రీంకోర్టు, వర్జీనియాలో మూర్ఛరోగులకూ మందబుద్ధులకూ అని పెట్టిన వసతిగృహంలో ఉన్న క్యారీ బక్ అనే యువతికి బలవంతంగా గర్భనిరోధక ఆపరేషన్ చేయొచ్చని తీర్పిచ్చింది. ఆమెకి నిజానికి ఏ జబ్బూ లేదు. బలాత్కారం వల్ల పెళ్ళికాకుండా తల్లయింది, అదే ఆమె నేరం. 1933లో నాజీ జర్మనీ చేసిన చట్టం వంశపారంపర్య మూర్ఛని కూడా జాబితాలో చేర్చింది. ఆ చట్టం కింద మొత్తం దాదాపు 4 లక్షలమందికి ఆపరేషన్లు చేశారు. 1937లో ఇంగ్లండు తన వివాహ చట్టంలో, పదే పదే పిచ్చి గానీ మూర్ఛ గానీ వచ్చేవారి పెళ్ళి రద్దు చేయొచ్చని రాసుకుంది. మన 1976 సవరణలోని మాటలు ఎక్కడివో ఇప్పుడు అర్థమైంది కదా. డెబ్భైల మొదట్లోనే వాళ్ళు వదిలేసుకున్న మాటలని మనం తెచ్చి మన చట్టంలో పెట్టుకున్నాం. తెల్లవాళ్ళు విప్పి పారేసిన పాతకోటుని మన ఆడపిల్లలకి కొత్తగా తొడిగాం.

అప్పటికి వైద్యం చాలా ముందుకెళ్ళింది కూడా. 1912లో ఫినోబార్బిటాల్, 1929లో మెదడు విద్యుత్తుని గీతలుగా చూపించిన హాన్స్ బెర్గర్ ఈఈజీ, 1938లో ఫెనిటాయిన్, 1960లలో కార్బమజిపీన్, వాల్‌ప్రోయేట్ వచ్చేశాయి. సరైన మందు సరిగ్గా వాడితే మూర్ఛ ఉన్నవాళ్ళలో 70 శాతం దాకా ఫిట్స్ లేకుండా బతకగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మందు ఉంది, ధర కూడా అందుబాటులోనే ఉంది. చట్టం మాత్రం మందు లేని కాలంలోనే ఆగిపోయింది.

ఇక్కడ మందుల కథలోనూ స్త్రీల పేజీ ఒకటుంది. వాల్‌ప్రోయేట్ మంచి మందు, ఎన్నో రకాల ఫిట్స్‌ని అదుపు చేస్తుంది. 1967లో ఫ్రాన్సులో అమ్మకానికి వచ్చింది. అది వాడిన తల్లులకి వెన్నులో లోపంతో బిడ్డలు పుడుతున్నారని 1982లో ఆ దేశంలోని లియాన్ నుంచే హెచ్చరిక వచ్చింది. గర్భంలో ఈ మందు సోకిన బిడ్డల్లో సుమారు 10 శాతం మందికి పుట్టుక లోపాలు, 30 నుంచి 40 శాతం మందికి ఎదుగుదలలోనో బుద్ధి వికాసంలోనో ఇబ్బందులు వస్తాయని 2014లో యూరప్ మందుల సంస్థ ప్రకటించింది. 1982 ఎక్కడ, 2014 ఎక్కడ! మధ్యలో ఎంతమంది తల్లులు “నాకెవరూ చెప్పలేదు” అన్నారో. ఫ్రాన్సులో మరీన్ మార్టిన్ అనే తల్లి 2011లో బాధిత కుటుంబాల సంఘం పెట్టి పోరాడింది. 2017 సెప్టెంబరులో ఆ యూరప్ సంస్థ తన చరిత్రలో మొట్టమొదటి బహిరంగ విచారణ పెట్టింది, ఈ మందు మీదే. తల్లులు లేచి తమ కథ తాము చెప్పారు. 2018 నుంచి బ్రిటన్లో, గర్భం రాకుండా తగిన ఏర్పాటు లేనిదే పిల్లలు పుట్టే వయసు స్త్రీలకి ఇది ఇవ్వకూడదని నియమం. 2020లో జూలియా కంబర్లెజ్ కమిటీ నివేదిక, స్త్రీలు చెప్పింది వ్యవస్థ ఏళ్ళ తరబడి వినలేదని తేల్చింది.

మన దేశంలో ఈ దిశగా జరిగిన మంచి పని 1998లో తిరువనంతపురంలోని శ్రీ చిత్ర సంస్థలో మొదలైన కేరళ రిజిస్ట్రీ. మూర్ఛ ఉన్న గర్భిణుల వివరాలు నమోదు చేసి, బిడ్డలని ఏళ్ళ తరబడి గమనిస్తూ వచ్చారు. ఇలాంటి రిజిస్ట్రీలన్నీ చెప్పేది ఒకటే. మూర్ఛ ఉన్న స్త్రీలలో అత్యధికులు ఆరోగ్యవంతమైన బిడ్డలనే కంటారు. అయితే దానికి ముందు నుంచీ సిద్ధపడాలి. గర్భం రాకముందే డాక్టరుతో మాట్లాడి వీలైతే ప్రమాదం తక్కువున్న మందుకి మారాలి. ఫోలిక్ ఆమ్లం మాత్రలు వేసుకోవాలి. కొన్ని ఫిట్స్ మందుల వల్ల గర్భనిరోధక మాత్రలు పనిచేయకపోవచ్చు, అది అడిగి తెలుసుకోవాలి. గర్భం వచ్చిందని భయపడి మందు మాత్రం తనంతట తాను ఆపకూడదు. ఆపితే వచ్చే ఫిట్ తల్లికీ బిడ్డకీ ప్రాణాంతకం కావచ్చు. ఇవన్నీ ఎవరికి చెప్పగలం? జబ్బుందని చెప్పుకోగలిగినవాళ్ళకి! అత్తారింట్లో బియ్యం డబ్బాలో మాత్రలు దాచుకుని, పట్టుబడతానన్న భయంతో రోజు మార్చి రోజు మింగే అమ్మాయికి కాదు.

మూర్ఛ ఉన్నవాళ్ళ సంస్థలూ, నాడీవైద్యులూ ఏళ్ళ తరబడి అడిగితే 1999లో ఆ మాటని రెండు చట్టాల నుంచీ తీసేశారు. 2023లో బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి, మూర్ఛ నయంకాని జబ్బూ కాదు, మతిభ్రమణమూ కాదు, దాని కారణంగా విడాకులివ్వలేమని చెప్పింది. అయినా ముఖ్యమైన విషయం దాచి మోసంతో ఒప్పించారన్న పేరుతో పెళ్ళి రద్దు కోరే దారి ఇప్పటికీ చట్టంలో ఉంది. అంటే చెబితే పెళ్ళి కాదు, దాస్తే పెళ్ళి నిలవదు. సామెత సగమే రద్దయింది.

దాచడాన్ని నేను సమర్థించను. పెళ్ళికి ముందే ఇద్దరూ ఒకరి ఆరోగ్యం గురించి ఒకరు చెప్పుకోవాలనే అంటాను. కానీ ఆ నిజాయితీని ఆడపిల్ల ఒక్కదాని దగ్గరే అడిగి, చెప్పినందుకు శిక్ష కూడా ఆమెకే వేసే సమాజానికి దాచావని నిందించే హక్కు లేదు. పొయ్యి దగ్గర ఫిట్ వచ్చి మంట మీద పడి కాలిపోయిన స్త్రీలని మా వార్డుల్లో చూశాను. ఇంట్లో నలుగురికీ తెలిసి ఉంటే ఆమెని ఒంటరిగా పొయ్యి దగ్గర వదిలేవారు కాదు. దాచిన జబ్బుకి నిప్పు తోడైతే ఏమవుతుందో ఆ మంచాలు చెబుతాయి.

కాబట్టి తెలిసినవాళ్ళం చేయాల్సిన పని చాలా ఉంది. ఎదుట ఎవరికైనా ఫిట్ వస్తే చేతిలో తాళాలూ ఇనుప ముక్కలూ పెట్టకండి, నోట్లో చెంచా దూర్చకండి, గట్టిగా అదిమి పట్టుకోకండి. చుట్టుపక్కల గుచ్చుకునేవి తీసేసి, తల కింద మెత్తగా ఏదైనా పెట్టి, కొట్టుకోవడం ఆగాక పక్కకి తిప్పి పడుకోబెట్టండి. గడియారం చూడండి. 5 నిమిషాలు దాటినా, తెలివి రాకుండానే రెండోది వచ్చినా, ఆమె గర్భిణి అయినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఇప్పుడు అందరి చేతుల్లో సెల్‌ఫోన్లున్నాయి. ఒక నిమిషం వీడియో తీస్తే డాక్టరుకి అదే పెద్ద సాక్ష్యం. ఆ వీడియో డాక్టరుకి తప్ప ఇంకెవ్వరికీ పంపకండి.

ఇక నా వరకు నేను ఓపీలో ఒక పద్ధతి పెట్టుకున్నాను. తల్లి, అత్త, భర్త ఎవరు వెంట వచ్చినా వాళ్ళని కాసేపు బయట కూర్చోమంటాను. తలుపు వేశాక ఆమెకేసి తిరిగి, “ఇప్పుడు నువ్వు చెప్పమ్మా. పడిపోయే ముందు నీకేమనిపించింది?” అని అడుగుతాను. కొందరు వెంటనే చెప్పేస్తారు. కొందరికి చాలాసేపు పడుతుంది. ఇంతవరకూ ఆ మాట తననెవరూ అడగలేదని చెప్పినవాళ్ళే ఎక్కువ.